రాళ్లకు విలువ కట్టిన జ్ఞాని అల్ బిరూనీ

హైదరాబాద్ చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక రాయి ఉండేదని చెబుతారు. దాని బరువు 184.75 క్యారెట్లు. పేరు జాకబ్ వజ్రం. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ 1891లో జాకబ్ అనే వర్తకుని ద్వారా దాన్ని కొనబోయారు. బేరం కోర్టుదాకా వెళ్లడంతో ఆయనకు ఆ రాయి అంటేనే విసుగు పుట్టింది. ఆయన మరణించిన తర్వాత అది ఒక జోడు ముందు భాగంలో కుమారునికి దొరికిందంటారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. ఆ నగలలో ఈ వజ్రం కూడా ఉంది. జోడులో ఉన్నప్పుడూ, బల్ల మీద ఉన్నప్పుడూ, ఖజానాలో చేరినప్పుడూ అది ఒకటే రాయి. మరి దాని విలువ ఎక్కడ ఉన్నట్టు? రాయిలోనా, చూసే మనిషిలోనా?

ఇదే ప్రశ్నను దాదాపు వెయ్యేళ్ల క్రితం ఒక మహా పండితుడు వేసుకున్నారు. జవాబును ఒక గ్రంథంగా రాశారు. ఆ అరబీ గ్రంథం పేరు 'కితాబుల్ జమాహిర్ ఫీ మఅరిఫతిల్ జవాహిర్'. రత్నాలను ఎలా గుర్తుపట్టాలో తెలిపే పుస్తకమిది. విశేషమేమిటంటే, వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్న ఆ నిజాం కాలంలోనే, ఆయన రాజధానిలోనే, దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా సంస్థ హిజ్రీ 1355లో (క్రీ.శ. 1936) దీన్ని అచ్చు వేసింది. గ్రంథకర్త అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్ బిరూనీ.

ఊరి వెలుపలి కుర్రవాడు

బిరూనీ హిజ్రీ 362లో (క్రీ.శ. 973) ఖ్వారిజ్మ్ రాజ్యంలోని కాస్ నగరం పొలిమేరలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. బిరూన్ అంటే ఫార్సీలో వెలుపల అని అర్థం. ఉర్దూ తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు. నగరం వెలుపల పుట్టినవాడు గనుక బిరూనీ అయ్యారు. చెప్పుకోదగిన వంశం, ఆస్తిపాస్తులు ఆయనకు లేవు. తన వంశం గురించి ఆయన ఎన్నడూ గొప్పలు చెప్పుకోలేదు.

అయితే అదృష్టవశాత్తు ఆయనకు గొప్ప గురువు దొరికారు. ఖ్వారిజ్మ్ రాజవంశానికి చెందిన గణిత పండితుడు అబూ నస్ర్ మన్సూర్ ఆయన్ను చేరదీసి గణితం, ఖగోళం నేర్పారు. ఇరవై ఏళ్లు దాటేసరికే బిరూనీ సూర్యచంద్రుల కదలికలను కొలిచే పరికరాలు తయారు చేసుకుని పరిశీలనలు సాగించారు. ఇంతలో క్రీ.శ. 995లో ఖ్వారిజ్మ్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. కాస్ పాలకులు ఓడిపోయారు. బిరూనీ ప్రాణాలు దక్కించుకుని దేశం విడిచి వెళ్లారు.

ఆ రోజుల్లో ఆయన నేటి తెహ్రాన్ సమీపంలోని రయ్ నగరంలో తలదాచుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఒకనాడు జ్యోతిష్య విద్యలో పేరున్న ఒక పెద్దమనిషితో శాస్త్ర విషయం మీద వాదన జరిగింది. బిరూనీ చెప్పిందాన్ని ఆయన చులకనగా కొట్టిపారేశాడు. కారణం విద్య తక్కువని కాదు, బట్టలు పేదవని. తర్వాత కొంతకాలానికి బిరూనీ పరిస్థితి మెరుగుపడింది. అదే పెద్దమనిషి స్నేహంగా పలకరించసాగాడు. మనిషిలోని జ్ఞానం అదే, మారింది దుస్తులు మాత్రమే. ఈ అనుభవాన్ని బిరూనీ మరువలేదు. తన పుస్తకంలో దాన్ని నమోదు చేశారు. వస్తువుకైనా మనిషికైనా పైపై మెరుపును బట్టి వెల కట్టే అలవాటును ఆయన మొదట తన ఒంటి మీదే చవిచూశారు.

క్రీ.శ. 997లో ఒక చంద్రగ్రహణం వచ్చింది. దాన్ని కాస్‌లో బిరూనీ, బగ్దాద్‌లో అబుల్ వఫా ముందుగా చెప్పుకుని ఏకకాలంలో పరిశీలించారు. గ్రహణం కనిపించిన స్థానిక సమయాలలోని తేడాను బట్టి రెండు నగరాల రేఖాంశాల మధ్య వ్యత్యాసాన్ని లెక్కగట్టారు. ఆ తర్వాత కాస్పియన్ సముద్ర తీరంలోని గుర్గాన్ పాలకుడు ఖాబూస్ ఆస్థానంలో ఉంటూ, క్రీ.శ. 1000 ప్రాంతంలో వివిధ జాతుల కాలగణన పద్ధతుల మీద 'ఆసారుల్ బాఖియా' రచించారు. కొన్నేళ్లకు స్వదేశానికి తిరిగివచ్చి ఖ్వారిజ్మ్ షా కొలువులో చేరారు. ఆ ప్రశాంతత కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

ఖజానా నీడలో

క్రీ.శ. 1017లో గజ్నీ సుల్తాన్ మహమూద్ ఖ్వారిజ్మ్‌ను జయించాడు. ఓడిన రాజ్యంలోని విలువైన వస్తువులతోపాటు పండితులను కూడా తన రాజధానికి తీసుకుపోయాడు. వారిలో బిరూనీ ఒకరు. అప్పటికి ఆయన వయసు 44 ఏళ్లు. గజ్నీలో ఆయన ఖైదీగా వచ్చారో, ఆస్థాన పండితునిగా వచ్చారో చెప్పడం కష్టం. ఇష్టపడి మాత్రం రాలేదు.

మహమూద్ దండయాత్రలలో మన దేశం నుంచి కొల్లగొట్టిన అపార సంపద గజ్నీ ఖజానాకు చేరింది. బిరూనీ కూడా హిందూ దేశానికి వచ్చారు. కానీ ఆయన వెతికింది వేరే సంపద. సంస్కృతం నేర్చుకున్నారు. పండితుల దగ్గర కూర్చుని వారి గణితం, ఖగోళం, తత్వం, ఆచారాలు తెలుసుకున్నారు. 1030 ప్రాంతంలో వాటినన్నిటినీ 'తహ్ఖీఖ్ మా లిల్ హింద్' అనే బృహద్గ్రంథంగా వెలువరించారు. మహమూద్ దాడుల వల్ల ఈ దేశపు సిరిసంపదలు నాశనమయ్యాయని అందులో నిర్మొహమాటంగా రాశారు. గజ్నీలోనే ఉంటూ ఆ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో పాఠకులు ఊహించుకోవచ్చు. నేటి పాకిస్తాన్ పంజాబ్‌లోని నందనా కోట వద్ద ఒక కొండ ఎత్తును, దాని మీద నుంచి కనిపించే దిగంతపు వాలును కొలిచి భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టిందీ ఈ కాలంలోనే.

1030లో మహమూద్ మరణించాడు. చనిపోయే ముందు తన ఖజానాలోని నగలు, రత్నాలన్నీ కళ్ల ముందు పరిపించుకుని చూసి కన్నీరు పెట్టుకున్నాడనీ, అయినా వాటిలో ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేకపోయాడనీ తర్వాతి చరిత్రకారులు రాశారు.

కుమారుడు మస్ఊద్ గద్దెనెక్కాడు. బిరూనీని ఎంతో గౌరవించాడు. ఖగోళ శాస్త్రంలో తలమానికమైన 'ఖానూనుల్ మస్ఊదీ'ని బిరూనీ ఆయనకే అంకితం చేశారు. ప్రతిఫలంగా సుల్తాన్ ఒక ఏనుగు మోయగలిగినంత వెండిని పంపగా, తనకు అవసరం లేదంటూ బిరూనీ దాన్ని తిరిగి ఖజానాకే పంపించివేశారని ప్రసిద్ధ గాథ. 1040లో సల్జూఖులతో జరిగిన యుద్ధంలో మస్ఊద్ ఓడిపోయాడు. తండ్రి కూడబెట్టిన ఖజానానంతా ఒంటెల మీదికి ఎక్కించి హిందూ దేశం వైపు బయలుదేరాడు. దారిలో ఆయన సొంత సైనికులే ఆ సంపదను చూసి ఆశపడి దోచుకున్నారు. సుల్తాన్‌ను గద్దె దించారు. ఆ తర్వాత ఆయన హత్యకు గురయ్యాడు. ఏ ఖజానా తనను కాపాడుతుందని నమ్మాడో అదే ఆయన ప్రాణం తీసింది.

ఆయన కుమారుడు మౌదూద్ 1041లో సుల్తాన్ అయ్యాడు. బిరూనీ రత్నాల గ్రంథాన్ని రాసింది ఈ మౌదూద్ కోసమే. అప్పటికి ఆయన డెబ్బై ఏళ్ల ముదుసలి. ముగ్గురు సుల్తానులను, వారి ఖజానాలను కళ్లారా చూసిన మనిషి.

ఆకలి తీర్చని సంపద

రాజుకు అంకితమిచ్చే రత్నాల పుస్తకం రత్నాల పొగడ్తతో మొదలవుతుందని ఎవరైనా అనుకుంటారు. బిరూనీ అలా చేయలేదు. ముందుగా మానవ జీవితంలో సంపద స్థానం ఏమిటో చర్చించారు. బంగారం, వెండి ఆకలిని తీర్చవు, దాహాన్ని చల్లార్చవు, చలి నుంచి కాపాడవు. మనుషులు ఒకరి అవసరాలు ఒకరు తీర్చుకోవడానికి కొలమానం కావలసి వచ్చింది. అరుదుగా దొరికేవి, చెడిపోనివి, అందంగా ఉండేవి గనుక ఈ లోహాలను అందుకు ఎంచుకున్నారు. అంటే వాటి విలువ మనుషుల ఒప్పందం నుంచి వచ్చిందే. చేతులు మారుతున్నంతవరకే అవి లోకానికి మేలు చేస్తాయి. వాటిని దాచిపెట్టి ఉంచడం అంటే భూమిలోంచి తీసినదాన్ని మళ్లీ భూమిలోనే పాతిపెట్టడం వంటిది. ఖజానా కారణంగా తండ్రిని పోగొట్టుకున్న సుల్తాన్‌కు ఇంతకంటే పెద్ద హితబోధ ఏముంటుంది?

ఆ తర్వాతే ఆయన రత్నాల జోలికి వెళ్లారు. కెంపు, బదఖ్షాన్ లాల్, వజ్రం, ముత్యం, పచ్చ, ఫిరోజా, అఖీఖ్, స్ఫటికం, పగడం, ఇలా ఒక్కొక్కటి ఎక్కడ దొరుకుతుంది, ఏ భాషలో ఏమంటారు, ఎలా పరీక్షిస్తారు, ఎంత బరువుకు ఎంత ధర పలుకుతుంది అన్నవి వివరించారు. సరందీబ్ (శ్రీలంక) కెంపులు, ఈజిప్టు ఎడారి పచ్చలు, నీషాపూర్ ఫిరోజాలు ఈ గ్రంథంలో చోటుచేసుకున్నాయి. యాఖూత్, మర్జాన్ అనే పేర్లు ఖుర్ఆన్‌లోని సూరా రహ్మాన్‌లో వింటూ పెరిగిన మన పిల్లలకు, ఆ రాళ్ల నిజ స్వరూపం తెలిపే పుస్తకం మన రాజధానిలోనే అచ్చయిందని తెలియజేయడం అవసరం.

తూకం చెప్పిన నిజం

ఎర్రగా మెరిసే రాళ్లన్నీ కెంపులేనని అప్పట్లో చాలామంది భావించేవారు. కంటితో చూస్తే కెంపు (యాఖూత్), లాల్ ఒకేలా కనిపిస్తాయి. కన్ను మోసపోతుంది గనుక బిరూనీ నీటిని సాక్షిగా పిలిచారు.

ఆయన కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే శంఖాకారపు పాత్ర ఒకటి తయారు చేయించారు. దాని మెడకు పక్కన ఒక సన్నని గొట్టం ఉంటుంది. పాత్రను గొట్టం దాకా నీటితో నింపి, ముందుగా తూచిన రాయిని అందులో వేస్తే, ఆ రాయి ఆక్రమించిన చోటుకు సమానమైన నీరు గొట్టం ద్వారా బయటికి వస్తుంది. ఆ నీటిని తూచి, రాయి బరువుతో పోల్చాలి. రాయి తన పరిమాణానికి ఎంత బరువైనదో దీనివల్ల తేలుతుంది. నేడు పాఠశాలల్లో సాపేక్ష సాంద్రత అని నేర్పేది ఇదే. లోహాలను బంగారంతోను, రత్నాలను నీలంతోను పోలుస్తూ ఆయన పట్టికలు తయారు చేశారు. ఆనాటి త్రాసులతో ఆయన సాధించిన ఫలితాలు నేటి లెక్కలకు చాలా దగ్గరగా ఉండటం ఆశ్చర్యం కలిగిస్తుంది.

నేటి శాస్త్రం ప్రకారం కెంపు నీటి కంటే సుమారు 4 రెట్లు బరువైనది. లాల్ 3.6 రెట్లు. పచ్చ 2.7 రెట్లు. రంగు ఒకటే అయినా లాల్ తేలిక, మెత్తన కూడా. కెంపుతో లాల్‌ను గీయవచ్చు, లాల్‌తో కెంపును గీయలేము. బిరూనీ ఈ రెండింటినీ వేర్వేరు రత్నాలుగానే వివరించారు. ఐరోపాలో ఈ తేడాను శాస్త్రీయంగా స్థిరపరచింది 1783లో. అప్పటికే అక్కడి రాజుల కిరీటాల్లోకి లాల్‌లు కెంపుల పేరుతో చేరిపోయాయి. బ్రిటిష్ రాచ కిరీటం ముందు భాగంలో మెరిసే 'బ్లాక్ ప్రిన్స్ కెంపు' నిజానికి కెంపు కాదు, లాల్. మొగల్ చక్రవర్తుల పేర్లు చెక్కి ఉన్న, 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి ఎత్తుకుపోయిన 'తైమూర్ కెంపు' కూడా లాల్ జాతిదే.

పాము, పచ్చ

పచ్చను చూస్తే పాము కళ్లు కరిగి కారిపోతాయని ఆ కాలంలో గట్టి నమ్మకం. గొప్ప గొప్ప గ్రంథాల్లో కూడా రాసి ఉంది. అందరూ రాశారు గనుక నిజమై ఉంటుందని మరొకరైతే రాసుకుపోయేవారు. బిరూనీ ఒక పామును తెప్పించారు. దాని మెడకు పచ్చల హారం వేశారు. అది తిరిగేచోట పచ్చలు పరిచారు. కళ్ల ముందు పచ్చల దండను ఆడించారు. ఒకరోజు, రెండు రోజులు కాదు, తొమ్మిది నెలలపాటు, ఎండలోను చలిలోను ఈ పరీక్ష సాగించారు. పాము కళ్లకు ఏమీ కాలేదు. పైగా దాని చూపు ఇంకా పదునెక్కలేదు కదా అని చమత్కరించారు కూడా.

ఒక్క పామును తొమ్మిది నెలలు గమనించడం చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ రాయికి మహిమ ఉందని చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవారికి, కొని మోసపోయేవారికి మధ్య ఈ పరీక్ష ఒక అడ్డుగోడ. ఇతరులు చెప్పినదాన్ని గౌరవంగా వినాలి, కానీ పరీక్షించకుండా ఒప్పుకోకూడదు అన్నది ఆయన జీవితాంతం పాటించిన నియమం.

ఒకే రాయి, రెండు ధరలు

వజ్రం విషయంలో బిరూనీ గమనించిన సంగతి మరింత ఆసక్తికరం. ఖురాసాన్, ఇరాఖ్ ప్రాంతాల వారికి వజ్రం ముఖ్యంగా పనిముట్టు. ఇతర రత్నాలకు రంధ్రాలు చేయడానికి వాడేవారు. దానిలోని రకాలను కూడా పట్టించుకునేవారు కాదు. హిందూ దేశంలో మాత్రం అదే రాయికి అగ్రస్థానం. దాని ఆకారాన్ని, అంచులను, రంగును బట్టి తరగతులుగా విభజించి ధర కట్టేవారు. సరిహద్దు దాటగానే సాన పనిముట్టు రాచ రత్నమైపోయేది.

దీనికి కారణం ఉంది. వజ్రాన్ని పలకలుగా సానబట్టి లోపలి వెలుగును బయటికి తెచ్చే విద్య అప్పటికి ఇంకా పెంపొందలేదు. గని నుంచి వచ్చిన వజ్రం మసక గాజు ముక్కలా ఉంటుంది. దాని గొప్పతనం గట్టిదనంలో దాగి ఉంటుంది. ఆ గట్టిదనం తెలిసినవారికే దాని విలువ తెలిసేది. తర్వాతి శతాబ్దాల్లో కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల నుంచి వజ్రాలు గోల్కొండ మీదుగా ప్రపంచమంతటికీ చేరాయి. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లేవి.

ముత్యం కథ వేరు. అది గనిలో పుట్టదు, ప్రాణి కడుపులో పుడుతుంది. సాన అవసరం లేదు. గుండ్రదనం, నిగనిగ, పరిమాణం దాని విలువను నిర్ణయిస్తాయి. బరువు రెట్టింపయితే ధర రెట్టింపు కాదు, అనేక రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే పెద్ద ముత్యం దొరకడం అంత అరుదు. జోడు దొరికితే విలువ ఇంకా పెరుగుతుంది. జోడు దొరకని ఒక మహా ముత్యాన్ని అరబ్బులు 'యతీమా' అన్నారు. అనాథ అని అర్థం. తనకు సాటి లేకపోవడమే దాని ఘనత. అయితే ముత్యానికి ఆయుష్షు ఉంది. చెమట, పులుపు తగిలితే నిగారింపు పోతుంది. పత్తర్‌గట్టీలో ముత్యాలు కొనే మన ఇళ్ల ఆడవారికి ఇది అనుభవమే.

ఒక రాయి విలువైనది కావడానికి ఏమేమి కావాలో ఇప్పుడు మనం క్రోడీకరించుకోవచ్చు. అందం కావాలి, గట్టిదనం కావాలి, అరుదుగా దొరకాలి, కోరుకునే మనుషులు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా ధర పడిపోతుంది. 1902లో ఒక ఫ్రెంచ్ శాస్త్రవేత్త అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కెంపును తయారు చేసే పద్ధతిని వెల్లడించారు. అది గాజు కాదు, అసలైన కెంపులో ఉండే పదార్థమే. క్రోమియం కొద్దిగా చేరితే అదే ఎరుపు. అయినా దాని ధర గని కెంపు ధరలో చాలా తక్కువ భాగం. నేడు కర్మాగారాల్లో తయారవుతున్న వజ్రాల పరిస్థితీ అంతే. పదార్థం అదే అయినప్పుడు మనం ధర చెల్లిస్తున్నది దేనికి? అరుదుదనానికి, అమ్మేవాని మాట మీద నమ్మకానికి. అందుకే రత్నాల వ్యాపారంలో తూకం కంటే ముందు నిజాయితీ నిలబడాలి.

చివరి ప్రశ్న

హిజ్రీ 440 (క్రీ.శ. 1048) ప్రాంతంలో బిరూనీ గజ్నీలో మరణశయ్య మీద ఉన్నారు. ధర్మశాస్త్ర పండితుడైన ఒక మిత్రుడు పరామర్శించడానికి వచ్చారు. బిరూనీ ఆయన్ను చూడగానే, అమ్మమ్మల వారసత్వ వాటాకు సంబంధించిన ఒక చిక్కు ప్రశ్నను గుర్తుచేసి, దాన్ని మరోసారి వివరించమని కోరారు. ఈ స్థితిలో ఆ ప్రశ్న ఎందుకని మిత్రుడు జాలిపడ్డారు. తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అని బిరూనీ బదులిచ్చారు. మిత్రుడు వివరించారు. బిరూనీ విని, తిరిగి అప్పజెప్పారు. సెలవు తీసుకుని వీధిలోకి వచ్చిన మిత్రునికి ఇంట్లో నుంచి ఏడుపులు వినిపించాయి.

మహమూద్ మరణశయ్య, బిరూనీ మరణశయ్య ఒకే నగరంలోనివి. ఒకరు రత్నాలను కళ్ల ముందు పరిపించుకుని ఏడ్చారు. మరొకరు తెలియని ఒక్క సంగతి తెలుసుకుని తృప్తిగా కన్ను మూశారు. ఆ సుల్తాన్ రత్నాలు ఎవరెవరి చేతుల్లోకి పోయాయో ఎవరికీ తెలియదు. బిరూనీ రాసిన పుస్తకం మాత్రం గజ్నీ నుంచి హైదరాబాద్ దాకా నడిచి వచ్చింది.

మన ఇళ్లలో పెళ్లిళ్లు వస్తాయి. ఉంగరం కొంటాం, ముత్యాల దండ కొంటాం. అందం కోసం ధరించడంలో తప్పేమీ లేదు. కానీ ఫలానా రాయి పెట్టుకుంటే కష్టాలు తీరతాయి, వ్యాపారం కలిసివస్తుంది, దిష్టి తగలదు అని ఎవరైనా చెప్పినప్పుడు, అప్పు చేసి ఆ రాయి కొనబోయే ముందు, పచ్చల హారంతో తొమ్మిది నెలలు తిరిగిన ఆ పామును ఒకసారి తలచుకోవాలి. ఆ డబ్బుతో బిడ్డ చదువుకు ఫీజు కట్టవచ్చునేమో ఆలోచించాలి. ఊరి వెలుపల పుట్టిన ఒక పేద కుర్రవాడిని ఒక గురువు చేరదీసి చదివించాడు కాబట్టే బిరూనీ లోకానికి దక్కారు.